ఇంటిపేరు చివర ‘ఓజు’ – దీనికి అర్థం ఏమిటి?

తంగేడుపువ్వు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది నల్గొండ వైపు. మా పుట్టింటి పేరూ, అత్తింటి పేరూ రెండూ ‘ఓజు’తోనే ముగుస్తాయి. మా పాప ఆరో తరగతి. బళ్ళో ‘మా ఇంటిపేరు కథ’ అని ఒక చార్టు చేసి తెమ్మన్నారు. ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్న పిల్లలు చకచకా రాసేసుకున్నారు. మా పాప వచ్చి, ‘అమ్మా, ఓజు అంటే ఏంటి?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మా నాన్న వెండి బంగారం పని చేసేవారు. ఆయనకి ఫోన్ చేసి అడిగితే, ‘మన పనోళ్ళ ఇళ్ళల్లో అట్లనే ఉంటది బిడ్డా’ అన్నారు. అంతకు మించి ఆయనకీ తెలియదు. మా అన్నయ్యని చిన్నప్పుడు బళ్ళో చేర్చినప్పుడు రికార్డు రాసినాయన ఆ పేరు పలకడం కష్టమని తీసేసి చివర ‘చారి’ అని రాశారట. దాంతో ఒకే ఇంట్లో అన్నది ఒక పేరు, నాది ఒక పేరు. పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు దానివల్ల ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను.

చార్టు వచ్చే సోమవారం ఇవ్వాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 9:42

ఓజస్సు నుంచి వచ్చి ఉంటుందండీ. ఓజస్సు అంటే బలం, కాంతి. సమ్మెట ఎత్తి కొట్టేవాళ్ళు, బంగారానికి మెరుపు తెచ్చేవాళ్ళు కాబట్టి ఓజు అన్నారు. మా తాతయ్య ఇలాగే చెప్పేవారు.

పాతబడి | సోమవారం, ఉదయం 6:15

నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరైన మనిషిని. అమ్మా తంగేడుపువ్వూ, మీ పాప ప్రశ్నకి జవాబు తెలుగు వాచకంలోనే ఉంది. ప్రకృతి వికృతుల పట్టికలో ‘ఉపాధ్యాయుడు – ఒజ్జ’ అని చదువుకున్నాం కదా. ఆ ఒజ్జే మీ ఓజు.

ఎలా వచ్చిందో చెబుతాను, తొందరపడకుండా చదవండి. సంస్కృతంలో ఉపాధ్యాయ. ప్రాకృతంలో దాన్ని ఉవజ్ఝాయ అన్నారు. ‘ప’ మెత్తబడి ‘వ’ అయింది, ‘ధ్య’ కాస్తా ‘జ్ఝ’ అయింది. జైనులు రోజూ చదువుకునే నవకార మంత్రంలో ‘ణమో ఉవజ్ఝాయాణం’ అని ఉంటుంది. ఉపాధ్యాయులకు నమస్కారం అని దాని అర్థం. తర్వాత ‘ఉవ’ కలిసిపోయి ‘ఓ’ అయింది, ఓజ్ఝాయ అయింది. ఉత్తరాదిన ఓఝా అన్న ఇంటిపేరు ఇదే. మిథిల బ్రాహ్మణుల ‘ఝా’ ఇంకా అరిగిపోయిన రూపం. మన నోటికి ఒత్తు ‘ఝ’ అలవాటు లేదు కాబట్టి తెలుగులో ఒజ్జ అయింది. ఆ ‘జ్జ’ తేలికపడితే ముందున్న ‘ఒ’ సాగుతుంది. అలా ఓజ, చివరికి ఓజు.

రాముడనే పేరున్న ఒజ్జ రామోజు. నాగడు అనేవాడు నాగోజు. మొదట అది ఒక మనిషి పేరు, ఆ తర్వాత అతని పిల్లలకి ఇంటిపేరు.

గోదారిగట్టు గారూ, మీ తాతగారి మాట కాదంటున్నానని ఏమీ అనుకోకండి. తేజస్ అన్నది మనకి తేజస్సు అయింది, మనస్ మనస్సు అయింది. అలాగే ఓజస్ ఓజస్సు అయింది. ఆ దారిలో వెళ్తే ఓజు రాదు. పైగా బలాన్ని చెప్పే మాటని మనిషి పేరు చివర ‘గారు’ లాగా తగిలించడం మన అలవాటు కాదు. బిరుదు తగిలిస్తాం. ఒజ్జ అలాంటి బిరుదు.

మా చిన్నప్పుడు పలక మీద పంతులుగారు పైన ఒక వరస రాసి ఇచ్చేవారు. దాన్ని చూసి కింద మేము దిద్దేవాళ్ళం. ఆ పై వరసని ఒజ్జబంతి అంటారు. ఒజ్జ రాసిన వరస.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 8:03

మాస్టారూ, మీరు చెప్పినాక ఒప్పుకోక తప్పదు. కానీ ఒక అనుమానం. పలక పట్టించే పంతులు మాట కొలిమి దగ్గరికి, రంపం దగ్గరికి ఎలా వెళ్ళింది? చదువు చెప్పేవాళ్ళు వేరు, పని చేసేవాళ్ళు వేరు కదా మన దేశంలో?

రాతిపూలు | సోమవారం, మధ్యాహ్నం 1:25

గోదారిగట్టు గారి ప్రశ్నకి నేను కళ్ళారా చూసిన జవాబు ఒకటి ఉంది.

నాకు గుళ్ళు చూసే అలవాటు. పోయినేడాది బేలూరు వెళ్ళాం. హొయసల విష్ణువర్ధనుడు 1117లో ప్రతిష్ఠ చేయించిన చెన్నకేశవాలయం. చూరు కింద మదనికలు, అంటే అందమైన స్త్రీల శిల్పాలు, ఉంటాయి కదా, అద్దం చూసుకునే అమ్మాయి, చిలకతో మాట్లాడే అమ్మాయి. వాటి పీఠాల మీద చెక్కినవాళ్ళ పేర్లు ఉన్నాయి. మామూలుగా మన గుళ్ళలో కట్టించిన రాజు పేరు ఉంటుంది, చెక్కినవాడి పేరు ఉండదు. ఇక్కడ ఉంది. అందులో ఒక పేరు దాసోజ. బళ్ళిగావె అనే ఊరి నుంచి వచ్చాడు. అతని కొడుకు చావణ. తండ్రి చెక్కినవి నాలుగు, కొడుకువి ఐదు అని లెక్క చెబుతారు.

దాసోజ. దాస అనే ఓజ! ఆరోజు నేను ఆ పేరు విని ముందుకు వెళ్ళిపోయాను. ఇప్పుడు మాస్టారు రాసింది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

పక్కనే హళేబీడులో హొయసలేశ్వరాలయం ఉంది. నరసింహుడి కాలంలో అక్కడ పెద్ద స్థపతి పేరు కేదారోజ. అంటే తొమ్మిది వందల ఏళ్ళ కిందటే రాతి పని చేసేవాళ్ళలో పెద్దవాణ్ణి ‘ఓజ’ అనేవాళ్ళు. అంత పెద్ద గుడి ఒక్కడే కట్టలేడు కదండీ. వందల మందికి గీత గీసి ఇవ్వాలి, తప్పు దిద్దాలి, కుర్రవాడి చేతికి ఉలి ఇచ్చి ఎక్కడ ఎంత దెబ్బ వేయాలో చూపించాలి. అది ఉపాధ్యాయుడి పనే. కాకపోతే పలక బదులు రాయి.

తంగేడుపువ్వు | సోమవారం, మధ్యాహ్నం 2:50

రాతిపూలు గారూ, ఆఫీసులో కూర్చుని ఇది చదివి కళ్ళు తుడుచుకున్నాను. దాసోజు అన్న ఇంటిపేరు మా వైపు ఇప్పటికీ ఉంది! మా బంధువుల్లోనే ఉన్నారు. బేలూరు రాయి మీద ఉన్న పేరు మా పెళ్ళిపత్రికల మీద ఉందని ఇన్నేళ్ళూ మాకు తెలియదు.

కృష్ణలంక | సోమవారం, సాయంత్రం 5:31

ఒక చిన్న సందేహం. మరాఠా పేర్లలో కాన్హోజీ, తుకోజీ అని ఉంటాయి కదా, అవి కూడా ఇదేనా?

పాతబడి | సోమవారం, సాయంత్రం 7:20

కాదు. వాటిలో ఉన్నది ‘జీ’, మనం ‘గారు’ అన్నట్టు. కాన్హో, తుకో అన్నవి ముద్దు పేర్లు. వాటికి జీ చేరింది. చెవికి ఒకేలా వినిపిస్తాయి గానీ దారులు వేరు. శివాజీలో ఉన్న జీయే కాన్హోజీలోనూ ఉంది. ఓజుతో చుట్టరికం లేదు.

బాడిస | సోమవారం, రాత్రి 11:48

ఇక్కడ రాయడం నాకు ఇదే మొదటిసారి. రోజూ చదువుతాను, రాయను. ఈ చర్చ చూశాక నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా.

మాది కరీంనగర్ వైపు పల్లె. మా తాత వడ్లాయన. నాగళ్ళు, కాడి, బండి చక్రాలు, దర్వాజాలు, పెళ్ళి పీటలు, చివరికి పాడె కట్టె వరకు ఊరికి కావలసినవన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి. పైసలు ఇచ్చేది లేదు. పంట కోసినాక కళ్ళం దగ్గర ఒక్కో రైతు మేర, అంటే పనికి మాకు రావలసిన వడ్లు, కొలిచేవాడు. మా ఇంటికి వడ్లు వచ్చేవి కాబట్టి మమ్మల్ని వడ్లోళ్ళు అంటారని నేను చాలా రోజులు అనుకున్నా.

తాత దగ్గర పని నేర్చుకోవడానికి వేరే ఊళ్ళ నుంచి కూడా పిల్లలు వచ్చి ఉండేవాళ్ళు. మా ఇంట్లోనే తిండి, మా అరుగు మీదే నిద్ర. మొదటి ఆరునెలలు వాళ్ళకి కర్ర ముట్టనిచ్చేవాడు కాదు. పొద్దున లేవగానే ఉలులు, కర్ర చెక్కే బాడిస సానరాయి మీద నూరాలి. నూరిన అంచు తాత బొటనవేలి గోరు మీద పెట్టి చూసేవాడు. జారితే మళ్ళీ నూరమనేవాడు. పట్టుకుంటే తల ఊపేవాడు. ‘బాగుంది’ అన్న మాట ఆయన నోటి నుంచి నేను వినలేదు. తల ఊపడమే.

తర్వాత చిత్రిక పట్టడం. మొద్దు కర్ర మీద చిత్రిక తోస్తే పొట్టు చుట్టలు చుట్టలుగా రావాలి, మధ్యలో తెగకూడదు. తెగింది అంటే కర్ర నారకి ఎదురుగా తోస్తున్నావని అర్థం. ‘కర్ర ఎటు పెరిగిందో అటు పో, అది చెప్తది’ అనేవాడు. బండి చక్రం చేయడం మాత్రం అందరికీ చెప్పేవాడు కాదు. ఆకులు, నడిమి కుంభం, చుట్టూ వచ్చే పూటీలు ఒకదానితో ఒకటి బిగిసి కూర్చోవాలి. కమ్మరి తాత ఇనుప పట్టా ఎర్రగా కాల్చి చక్రం మీద తొడిగి నీళ్ళు పోస్తే, పట్టా కుంచించుకుని చక్రాన్ని పట్టేస్తుంది. ఆ రోజు ఇద్దరు తాతలూ పొద్దుటి నుంచి మాట్లాడుకునేవాళ్ళు కాదు. చక్రం చల్లారి దొర్లించాకే ఇద్దరూ కలిసి బీడీ ముట్టించేవాళ్ళు.

ఆ పిల్లలు తాతని ఏమని పిలిచేవాళ్ళో ఇప్పుడు గుర్తొస్తోంది. ‘ఓజయ్యా’ అనేవాళ్ళు. నేను అది ఆయన పేరు అనుకున్నా.

ఇంకొక మాట కూడా చెప్పాలి. అదే తాతని ఊళ్ళో ఒకాయన, తాత కంటే ముప్పై ఏళ్ళు చిన్నవాడు, ‘ఒరే వడ్లోడా’ అని పిలిచేవాడు. తాత పలికేవాడు. బాడిస చంకన పెట్టుకుని వెళ్ళేవాడు. ఆ పిలుపు నా చెవిలో ఇంకా ఉంది. పేరులో ‘ఉపాధ్యాయుడు’ అని ఉన్న మనిషి ఆ మాటకి పలికాడని తలచుకుంటే ఈ రాత్రి చాలా బాధగా ఉంది.

తంగేడుపువ్వు | మంగళవారం, ఉదయం 7:05

అన్నా, మీరు రాసినందుకు వెయ్యి దండాలు. మా నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

పాతబడి | మంగళవారం, ఉదయం 8:40

బాడిస గారూ, మీ తాతగారి పాదాలకి నమస్కారం. నేను క్లాసులో పిల్లలకి ‘ఒజ్జ’ అని పట్టికలో బట్టీ పట్టించాను. ఆ మాట పలికితే ‘ఆఁ’ అని పలికే మనిషి ఒకరు ఉండేవారని ఈరోజే తెలిసింది.

వడ్లు కొలిచినందుకు వడ్లోళ్ళు అయ్యారన్నది మాత్రం కాదు. సంస్కృతంలో వడ్రంగిని వర్ధకి అంటారు. ప్రాకృతంలో వడ్ఢకి. హిందీలో బఢయీ, మనకి వడ్లంగి, వడ్రంగి, మీ వైపు వడ్ల. ఇది కూడా రెండు వేల ఏళ్ళు పైబడిన మాటే.

కమ్మరి ఇంకా పాతది. ఋగ్వేదంలో కర్మార అని ఉంది. పదో మండలంలో, లోకాల పుట్టుక చెప్పే చోట, బ్రహ్మణస్పతి కమ్మరివాడిలా ఊదాడు అని పోలిక. తిత్తి పట్టుకుని ఊదే కమ్మరిని చూసిన కవే ఆ మాట అనగలడు. పాళీలో కమ్మార. బుద్ధుడికి చివరి భోజనం పెట్టిన చుందుడు కమ్మారపుత్రుడు, కమ్మరివాళ్ళ బిడ్డ.

బెంగళూరు_కోడలు | మంగళవారం, ఉదయం 11:12

మా అత్తగారిది కన్నడ ఇల్లు. పాత కన్నడంలో కూడా ఓజ అంటే గురువు, శిల్పి రెండూ అని మావగారు చెప్పారు. ఇంకా ఆచారి సంగతి ఎవరూ రాయలేదేం? తంగేడుపువ్వు గారి అన్నయ్య సర్టిఫికెట్లో రాసిన ‘చారి’ కూడా ఆచార్య నుంచి వచ్చిందే కదా? అంటే ఆ రికార్డు రాసినాయన ఒక గురువు మాట తీసేసి ఇంకో గురువు మాట పెట్టారన్నమాట.

రాతిపూలు | మంగళవారం, మధ్యాహ్నం 12:30

సరిగ్గా పట్టుకున్నారు! పట్టదకల్లులో విరూపాక్షాలయం ఉంది. బాదామి చాళుక్య రాజు రెండో విక్రమాదిత్యుడు కంచి గెలిచినందుకు రాణి లోకమహాదేవి కట్టించింది, ఎనిమిదో శతాబ్దంలో. ఆ గుడి శాసనాల్లో స్థపతి పేరు గుండ. అతనికి అనివారితాచారి, త్రిభువనాచారి అని బిరుదులు. అక్కడే ఇంకొకరు, సర్వసిద్ధి ఆచారి. ఆయన్ని దక్షిణ దేశపు సూత్రధారి అని రాశారు. ఆ చాళుక్యులే మన ఆలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు కట్టించారు కాబట్టి ఈ సంగతి మనకి పరాయిది కాదు.

మలయాళంలో ఇంకా స్పష్టంగా ఉంటుంది. కళరి అనే యుద్ధవిద్య నేర్పే గురువు ఆశాన్. వడ్రంగి ఆశారి. రెండూ ఆచార్య నుంచి వచ్చినవే.

మలిదశ తెలంగాణ ఉద్యమంలో 2009లో ప్రాణం ఇచ్చిన కాసోజు శ్రీకాంతాచారి పేరు తలచుకోండి. ముందు ఓజు, చివర ఆచారి. ఒక్క పేరులో ఇద్దరు గురువులు.

షార్జా_సైట్ | మంగళవారం, సాయంత్రం 6:55

సూత్రధారి అనగానే గుర్తొచ్చింది. మాది జగిత్యాల. మా దగ్గర ఇటుక కట్టేటాయన్ని సుతారి అంటారు. నేనూ సుతారి పని నుంచే పైకి వచ్చిన. ఇదీ సూత్రధారే అయి ఉండాలె. ఎందుకంటే గోడ లేపాలంటే మొదట మేము చేసేది రెండు మూలల దారం కట్టుడే. దారం చూసి ఇటుక పెట్టాలి, దారానికి ఇటుక తగలొద్దు. తగిలితే గోడ కడుపు వస్తది. మా సైట్లో మరాఠీ అతను ఒకడున్నాడు, వాళ్ళ దగ్గర సుతార్ అంటే వడ్రంగి అంట. వాళ్ళూ దారంతోనే గీత కొడతారు, దారానికి రంగు పూసి కర్ర మీద లాగి విడిచిపెడితే గీత పడుతది.

పాతబడి | మంగళవారం, రాత్రి 8:10

సూత్రం అంటే దారమే. సూత్రధారుడు – సుతార్ – సుతారి. మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను నిఘంటువులో వెతికేదాన్ని మీరు గోడ మీద చూపించారు.

షార్జా_సైట్ | మంగళవారం, రాత్రి 10:30

మాస్టారూ, మీ మాటకి సంతోషం. ఇంకొకటి అడుగుతా. ఇక్కడ నన్ను పిలగాళ్ళు మేస్త్రీ అంటారు. పాకిస్తాన్ వాళ్ళు, హైదరాబాద్ పాతబస్తీ వాళ్ళు ఉస్తాద్ అంటారు. ఇవి ఎక్కడి మాటలు?

పాతబడి | బుధవారం, ఉదయం 6:20

నిన్న రాత్రి మీ ప్రశ్న చూసి పడుకున్నాను. తెల్లవారి లేచేసరికి ఒక సంగతి తట్టింది, చేతులు వణుకుతూ రాస్తున్నాను.

మేస్త్రీ పోర్చుగీసు మాట, మెస్త్రె. వాళ్ళు మన రేవుల్లోకి వచ్చి ఓడలు బాగు చేయించుకుంటూ, కట్టడాలు కట్టుకుంటూ వదిలి వెళ్ళిన మాట. దానికి లాటిన్‌లో మూలం మగిస్టర్. అంటే గురువు. ఇంగ్లీషు మాస్టర్ కూడా దానిలోంచే. మనం బట్టలు కుట్టేవాణ్ణీ మాస్టర్ అంటాం, బడిపంతుల్నీ మాస్టారు అంటాం. ఉస్తాద్ ఫారసీ మాట. దాని అర్థమూ గురువే. సితార్ నేర్పేవారు ఉస్తాద్, స్కూటర్ బాగుచేసే షెడ్డులో పెద్దాయన ఉస్తాద్.

ఓజు, ఆచారి, మేస్త్రీ, ఉస్తాద్. ఒకటి ప్రాకృతం, ఒకటి సంస్కృతం, ఒకటి పోర్చుగీసు, ఒకటి ఫారసీ. నాలుగు వేరు వేరు కాలాల్లో, వేరు వేరు దారుల్లో మన చేతిపనివాళ్ళ దగ్గరికి వచ్చాయి. నాలుగింటికీ అర్థం ఒక్కటే. ఎవరూ కూడబలుక్కుని పెట్టింది కాదు. కొత్త భాష ఏది వచ్చినా అందులో ‘గురువు’ అన్న మాటే బాగా పని తెలిసినవాడికి నిలిచింది.

గోదారిగట్టు గారు అడిగారు కదా, పంతులు మాట కొలిమి దగ్గరికి ఎలా వెళ్ళింది అని. నన్నడిగితే ఆ రెండూ వేరని అనుకోవడమే తర్వాత వచ్చిన అలవాటు.

గోదారిగట్టు | బుధవారం, ఉదయం 7:45

మాస్టారూ, నా ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క పోస్టు ప్రింటు తీసి పెట్టుకుంటాను.

కృష్ణలంక | బుధవారం, మధ్యాహ్నం 3:15

అన్నీ గురువు దగ్గరికే పోవు మాస్టారూ. శాసనాల్లో ఓజ, ఆచారి కంటే పాత మాట ఒకటుంది: ఆవేసని. సాంచీ స్తూపం దక్షిణ తోరణం మీద, శ్రీ శాతకర్ణి రాజు దగ్గర ఆవేసని అయిన వాసిష్ఠీపుత్ర ఆనందుడి దానం అని చెక్కి ఉంది. పనివాళ్ళ మీద పెద్దన్నమాట. మన శాతవాహనుల మనిషి.

మా కృష్ణా తీరంలోనే ఇంకొకటి. జగ్గయ్యపేట స్తూపం దగ్గర ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే ఆవేసని ఐదు ఆయక స్తంభాలు, అంటే స్తూపానికి ముందుకు వచ్చిన అరుగు మీద నిలిపేవి, ఇచ్చాడు. కమ్మకరాష్ట్రంలోని నడతూరు వాళ్ళది. తండ్రి కూడా ఆవేసనే. చూడండి, చెక్కడమే కాదు, సొంత డబ్బుతో స్తంభాలు దానం ఇచ్చి రాయి మీద తన పేరు వేయించుకునే స్తోమత ఉంది అతనికి. బాడిస గారి తాతగారిలా కళ్ళం దగ్గర నిలబడలేదు.

ఆవేసనికి మూలం ఆవేశనం. అమరకోశంలో ‘ఆవేశనం శిల్పిశాలా’ అని ఉంది. పని చేసే చోటు. అంటే ఇక్కడ మనిషికి పేరు పనిశాలను బట్టి వచ్చింది.

పాతబడి | బుధవారం, సాయంత్రం 5:00

అమరం వల్లించినవాణ్ణి, ఆ ముక్క నాకే గుర్తు రాలేదు. ఒప్పుకుంటున్నాను. పనిశాల యజమాని ముందు, గురువు తర్వాత అన్నమాట.

లేసుదారం | బుధవారం, రాత్రి 9:36

చర్చ చాలా బాగుంది. ఒక బాధ చెప్పుకోవాలని ఉంది.

మాది నరసాపురం దగ్గర. మా అమ్మమ్మ, అమ్మ, నేను లేసు అల్లాం. క్రోషా సూది, నూలు దారం. తెల్లదొరల కాలంలో మిషనరీ అమ్మగార్లు నేర్పిన పని, మా గోదావరి ఆడవాళ్ళు వంద ఏళ్ళ మీద నుంచి చేస్తున్నారు. ఒక్కొక్కరు ఒక ముక్క అల్లుతారు. ఒకరు పువ్వు, ఒకరు అంచు. వాటిని కలిపి టేబుల్ క్లాత్ చేస్తారు. మా అమ్మమ్మ వీధి మొత్తానికి పువ్వు నేర్పింది. ఎవరి అల్లిక బిగుసుకుపోయినా తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పడేసేవాళ్ళు. చూడకుండా వేళ్ళతో తడిమి ‘ఇక్కడ ఒక గొలుసు తప్పింది’ అని చెప్పేది.

ఆవిడని ఎవరూ ఓజు అనలేదు, ఆచారి అనలేదు, మేస్త్రీ అనలేదు. పనిని కూడా పని అనలేదు. ‘ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటారు’ అనేవాళ్ళు. ఆవిడ ఎప్పుడు ఖాళీగా ఉందో నాకు తెలియదు. మీరు చెప్పిన నాలుగు మాటల్లో ఒక్కటైనా ఆడమనిషికి పెట్టారా?

పాతబడి | గురువారం, ఉదయం 6:40

అమ్మా, మీరు అడిగింది న్యాయం. సంస్కృతంలో ఉపాధ్యాయా, ఆచార్యా అని తానే స్వయంగా పాఠం చెప్పే స్త్రీకి పేర్లు ఉన్నాయి. ఉపాధ్యాయాని, ఆచార్యాని అంటే గురువుగారి భార్య. వ్యాకరణం రాసినవాళ్ళు ఈ తేడా జాగ్రత్తగా రాసిపెట్టారు, అంటే పాఠం చెప్పిన స్త్రీలు ఉన్నారన్నమాట. కానీ ఆ మాట ఒజ్జగా మారి పనివాళ్ళ పేర్లలోకి వచ్చేసరికి మగవాళ్ళకే మిగిలింది. మా ఇంట్లో ఉన్న లేసు గుడ్డ ఈరోజు తీసి చూశాను. చేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు.

‘ఒజ్జ’ తెలుగు మాట. దానికి చివర ‘డు’ లేదు. మీ అమ్మమ్మగారిని ఒజ్జ అనడానికి వ్యాకరణం అడ్డు రాదు. నేను అంటున్నాను.

రాతిపూలు | గురువారం, ఉదయం 9:18

మేస్త్రమ్మ అని కూడా కూలీ గుంపుల్లో పిలవడం నేను విన్నానండీ, నాట్ల గుంపుకి ముందు నడిచే ఆవిడని. కానీ అల్లిక పనికి వినలేదు.

బెంగళూరు_కోడలు | గురువారం, మధ్యాహ్నం 12:02

ఓజు ఇంటిపేరు ఉన్నవాళ్ళలో చేతిపని కాకుండా వేరే విద్యలో పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? తంగేడుపువ్వు గారి పాప చార్టులో ఒక ఫోటో పెట్టుకోవచ్చు.

కృష్ణలంక | గురువారం, మధ్యాహ్నం 1:40

లక్కోజు సంజీవరాయశర్మ గారు. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో 1907లో పుట్టారు. పుట్టుకతోనే చూపు లేదు. అక్క బడి నుంచి వచ్చి ఇంట్లో లెక్కలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారు. దేశమంతా తిరిగి గణితావధానాలు చేశారు. పెద్ద పెద్ద అంకెల గుణకారాలు అడిగిన వెంటనే చెప్పేవారు. పాప చార్టుకి ఇంతకంటే మంచి పేరు దొరకదు.

లేసుదారం | గురువారం, మధ్యాహ్నం 2:25

అక్క పైకి చదివితే నేర్చుకున్నారన్నది కూడా చార్టులో రాయించండి.

తంగేడుపువ్వు | శనివారం, రాత్రి 8:55

చార్టు అయిపోయింది. అందరికీ చెప్పాలని వచ్చాను.

నిన్న పాపని తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళాం. మీరు రాసినవన్నీ పాపే చదివి వినిపించింది. దాసోజ అనేచోట నాన్న ఆపి, మళ్ళీ చదవమన్నారు. తర్వాత పాప అడిగింది, ‘తాతా, నీ ఒజ్జ ఎవరు?’ అని. నేను తాత నాన్న పేరు చెబుతారనుకున్నా. కాదట. భువనగిరిలో ఉన్న మేనమామ దగ్గర పని నేర్చుకున్నారట. ఆ సంగతి ఈ నలభై ఏళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చారు. ఊదుగొట్టం, పట్టకారు, బంగారం కరిగించే ఒక పగిలిన మూస, గీటురాయి, ఇంకా ఒక చిన్న గుడ్డ మూటలో గురిగింజలు. బంగారం తూచేవి. అవి మేనమామ ఇచ్చినవట. వంద గింజల్లోంచి ఒకే బరువు ఉన్నవి ఏరి ఇమ్మని మొదటి పాఠం చెప్పారట. రెండు రోజులు పట్టిందట ఏరడానికి.

పాప చార్టు మధ్యలో ఉపాధ్యాయ, ఉవజ్ఝాయ, ఒజ్జ, ఓజు అని మెట్లు గీసింది. ఒక పక్క బేలూరు మదనిక, ఒక పక్క లక్కోజు సంజీవరాయశర్మ గారు. కింద ‘లేసు అల్లే అమ్మమ్మ కూడా ఒజ్జే’ అని తనే రాసింది, నేను చెప్పలేదు. చివర తాత ఒజ్జ పేరు రాసి, పక్కన ఒక గురిగింజ అతికించింది. నాన్నే ఏరి ఇచ్చారు, త్రాసు లేకుండా చేత్తో చూసి.

అన్నయ్య కూడా ఫోన్ చేశాడు. తన కొడుకు పేరు రాయించేటప్పుడు ఇంటిపేరు పూర్తిగా రాయిస్తానన్నాడు.

బాడిస | శనివారం, రాత్రి 9:20

పాపకి నా తరఫున ఒక పీట చేసి పంపిస్తా. మా తాత బాడిసతోనే చేస్తా. టేకు కావాలా, వేప కావాలా అడిగి చెప్పండి.

లేసుదారం | శనివారం, రాత్రి 9:34

చాలా సంతోషం అమ్మా. ఒక్క మాట, గురిగింజ విషం. పగిలిన గింజ నోట్లోకి వెళ్తే ప్రమాదం. బళ్ళో చిన్నపిల్లలు ఊడబీకకుండా చూడండి.

తంగేడుపువ్వు | శనివారం, రాత్రి 9:41

నాన్న కూడా అదే చెప్పారండీ. పైన టేపు వేసి అతికించాం. బాడిస అన్నా, పాప వేప అంటోంది.